బాడీ కొలత

బావిలో నుంచి చేద లాగడానికి రెండు చేతులూ కావాలి. రొమ్ముల్ని అదిమిపట్టుకోవడానికి దేవుడు నాకు మూడో చెయ్యి ఇవ్వలేదు. అందుకని రెండు మూరలు లాగి, తాడును కాలికింద తొక్కిపట్టి, పైటలో చెయ్యి పెట్టి సర్దుకుని, మళ్ళీ రెండు మూరలు లాగేదాన్ని. ఆ పొద్దున మా అత్త కోటమ్మ గడప మీద కూర్చుని జొన్నలు చెరుగుతూ నన్నే చూస్తోంది.

“ఇద్దరు బిడ్డల తల్లివి. నీళ్ళు చేదేటప్పుడు ఆ ఊపులేంది? దావన పొయ్యేటోళ్ళు నిలబడి చూస్తండారు. ఒంటి మీద అదుపుండాల ఆడదానికి” అన్నది.

ఊగుతున్నది నా ఇష్టంతో కాదని ఆమెకు చెప్పి లాభం లేదు. నిలబడి చూసేవాళ్ళను ఒక్క మాట అనలేదు, నన్నే అన్నది. బిందె చంకనెత్తుకుని ఇంట్లోకి వచ్చాను. ఇంకా ఆరు బిందెలు తేవాలి, రొట్టెలు చెయ్యాలి, పిల్లలకు తలలు దువ్వాలి, ఆయన చొక్కా ఉతికి పిండాలి, బడి గంట కొట్టే లోపల నేను కూడా మనిషిలాగా తయారు కావాలి.

అది పందొమ్మిది వందల అరవై ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదేళ్ళు నిండబోతున్నాయి. మాది అప్పటికింకా కర్నూలు జిల్లానే. కంభానికీ మార్కాపురానికీ నడుమ ప్యాసింజరు బండి ఆగే ఒక చిన్న ఊళ్ళో నేను సమితి బడి టీచరును. నా భర్త ఏబేలు సమితి ఆఫీసులో గుమాస్తా. ఊళ్ళో మా క్రైస్తవుల ఇళ్ళలో మొదట టీచరు ట్రైనింగు పాసైన ఆడపిల్లను నేనని పెళ్ళిచూపుల్లో అందరికీ గర్వంగా చెప్పుకున్నారు. పెళ్ళయిన తర్వాత ఆ గర్వం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

నా రొమ్ములు చిన్నప్పటి నుంచీ బరువే. ఇద్దరు పిల్లలకు పాలిచ్చాక ఇంకా బరువయ్యాయి. పెద్దమనిషినైన నాటి నుంచి మా అమ్మ “వంగి నడువు పాపా” అనేది, వంగి నడిచాను. ట్రైనింగు హాస్టల్లో గుడ్డ పేలిక గట్టిగా చుట్టుకుని, మీద రవిక తొడుక్కునేదాన్ని. ఊపిరాడేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళకే మెడ కింద గూని లాగా ఒక దిమ్మె లేచింది. సాయంత్రమయ్యేసరికి భుజాల నుంచి నడుము దాకా ఎవరో రోకలితో దంచినట్టుండేది. అయినా ఇది జబ్బని నేనెప్పుడూ అనుకోలేదు. నా ఒళ్ళే ఒక తప్పు అనుకున్నాను. అనుకోవడానికి సాయం చేసినవాళ్ళు తక్కువ మంది కాదు.

“పెళ్ళిలో చూసినప్పుడు ఇంత లేవే” అన్నాడు ఏబేలు ఒకసారి, గొర్రెను కొని మోసపోయినవాడి లాగా. “మా బీడీవో భార్యను చూడు, చువ్వ మాదిరి ఉంటది. ఆదివారం చర్చిలో నీ పక్కన నిలబడాలంటే నాకు తల కొట్టేసినట్టుంటది.” చీకట్లో ఆయనకు కావలసినవే పగలు ఆయనకు అవమానం. ఈ రెంటి మధ్యా నేనొకదాన్ని ఉన్నాననీ, అవి మోస్తున్నది నేననీ ఆయనకు ఎన్నడూ తోచలేదు.

రెండో బిడ్డ పుట్టాక, రవిక లోపల తొడుక్కునే బాడీ ఒకటి తెచ్చిపెట్టమని ఆయన్ను అడిగాను. మార్కాపురం దుకాణంలో ఆడవాళ్ళెవరూ ఉండరు, నేను పోయి అడగకూడదు. ఆయన పోయి తెచ్చాడు, కాగితంలో చుట్టి, దాన్ని మళ్ళీ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచం మీదికి విసిరి. “సైజు ఎంత అని అడిగినాడు వాడు, నలుగురు గిరాకీల ముందర. మామూలుదే ఇయ్యి అన్నా. ఇంకోసారి ఇట్లాంటి పనులు చెప్పొద్దు నాకు” అన్నాడు.

మామూలుది నాకు పట్టదు. వెనక హుక్కు ఆఖరి రంధ్రానికి కూడా అందకపోతే పాత రవిక గుడ్డ ముక్క అతికి కుట్టుకున్నాను. కప్పుల్లో సగమే పట్టేవి, మిగతా సగం పై నుంచీ పక్కల నుంచీ పొంగేది. పట్టీలు భుజాల్లోకి కోసుకుపోయేవి. రెండేళ్ళు అదే తొడుక్కున్నాను. ఎండాకాలం రొమ్ముల కింద చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడేవి. కొబ్బరినూనె రాసుకుని బడికి పోయి పిల్లలకు ఎక్కాలు చెప్పేదాన్ని.

ఆ అక్టోబరులో మా హెడ్మాస్టరు చెన్నకేశవులు గారు నన్ను గదిలోకి పిలిచారు. “నవంబరు ఒకటి రాష్ట్రావతరణ దినం. బీడీవోగారొస్తాండారు. ఆడపిల్లల చేత లేజిం డ్రిల్లు చేయించాల. ట్రైనింగులో అది నేర్చుకున్నది ఈ బడిలో మీరొక్కరే టీచరమ్మా” అన్నారు.

నాకు లేజిం అంటే ప్రాణం. ట్రైనింగులో ఉన్న రెండేళ్ళలో నేను ఒళ్ళు మరిచిపోయింది ఆ ఒక్క గంటలోనే. కొయ్య పిడికి ఇనప గొలుసు బిగించి, గొలుసుకు రేకు బిళ్ళలు గుచ్చి ఉంటాయి, చేతులు పైకీ కిందికీ ఆడించి గెంతుతుంటే యాభై లేజింలు ఒక్కసారి ఝల్లుమంటాయి. ఒప్పుకున్నాను. మూడో రోజు సాయంత్రం మైదానంలో పిల్లలకు చూపిస్తూ గెంతుతుంటే ఎడమ భుజం పట్టీ తెగింది. ఆ వెంటే వెనక అతుకు పిగిలింది. రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. లేజిం కింద పడింది. పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. వరండాలో కుర్చీలేసుకుని కూర్చున్న చెన్నకేశవులు గారికీ, అంకయ్య మాస్టరుకూ అర్థమైంది. అంకయ్య మాస్టరు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

మరునాడు హెడ్మాస్టరు కిటికీ వైపు చూస్తూ చెప్పారు. “మీ ఉడుపు విషయం కొంచెం చూసుకోవాల టీచరమ్మా. ఇది బడి. పైట రెండు భుజాల మీదుగా కప్పుకొని డ్రిల్లు చేయించండి.”

“రెండు భుజాలూ కప్పుకుంటే చేతులు లేవవు సార్.”

“అట్లనా. అయితే చేతులు తక్కువ లేపే డ్రిల్లేదన్నా చూడండి” అన్నారు.

ఆ వారం రొమ్ము కింద పుండు చీము పట్టింది. జ్వరమొచ్చింది. కంభం ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడి నర్సమ్మ పెద్దావిడ, మాటల్లో మెత్తదనం లేదు. పుండు కడిగి మందు పెట్టి, రవిక భుజాల మీది నుంచి లాగి చూసింది. పట్టీలు పడిన చోట వేలు పట్టేంత గాడులు, నల్లగా.

“భుజాలతో మొయ్యమని ఎవరు చెప్పినారు నీకు?” అన్నది.

“మరి దేంతో మోయాలి?”

“రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ పట్టీ గట్టిగా కూర్చోవాల. బరువంతా ఆడుంటది. భుజం మీదిది ఊరకే జారకుండా ఆపేదానికి. నీకు దుకాణంలో దొరికేవి పనికిరావు. గిద్దలూరులో చెంచులక్ష్మి అని ఉంది, మద్రాసులో బాడీలు కుట్టే చోట పనిచేసి వచ్చింది. కొలిపించుకుని కుట్టించుకో. లేకపోతే ఈ పుండు మళ్ళీ మళ్ళీ లేస్తది.”

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మాట నాకు చెప్పిన మొదటి మనిషి ఆమె. ఇది తెలిసిన మనుషులు ఉన్నారన్నమాట, నేర్చుకుని కుట్టేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఎందుకు వంగి నడిచానా అని.

శనివారం ఒంటిపూట బడి. టీచర్ల మీటింగుందని ఇంట్లో చెప్పి గిద్దలూరు బండెక్కాను. చెంచులక్ష్మి నలభై ఏళ్ళ మనిషి, భర్త పోయాడు, స్టేషను వెనక వీధిలో ఒక గదిలో మిషను పెట్టుకుంది. తలుపు గడియ వేసి, కిటికీకి దుప్పటి కట్టి, టేపు తీసింది.

“నిటారుగా నిలబడు చెల్లే” అన్నది. నిలబడ్డాను. “అది నిటారు కాదు, గూని. భుజాలు వెనక్కి తియ్యి.” తీశాను. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆమె కళ్ళు మాత్రం టేపు మీది అంకెల మీదే ఉన్నాయి. రొమ్ముల కింద చుట్టూ టేపు బిగించి, ఊపిరి వదలమని ఒక కొలత తీసింది. నిండైన చోట ఒకటి. ముందుకు వంచి ఇంకొకటి. తర్వాత రెండు వైపులా విడివిడిగా.

“ఎడమది కొంచెం పెద్ద” అన్నది.

“తెలుసక్కా. అది కూడా ఒక లోపం” అన్నాను.

ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. “అందరికీ అంతే. ఈ గదిలోకి వచ్చినోళ్ళలో రెండూ ఒకే కొలత ఉన్నదాన్ని నేను చూడలే. నీ కాళ్ళు రెండూ ఒకే కొలతనా? ఒంటిది తప్పుండదు. తప్పుంటే గుడ్డది, దాన్ని మార్చాల.”

వారం తర్వాత మళ్ళీ మీటింగు. ఆమె పల్చటి గుడ్డతో కుట్టి తొడిగి చూసింది. నడుమ గుడ్డ ఎద ఎముకకు ఆనలేదు, చంకల్లో అంచు గుచ్చుకుంది. ఇదీ నాకు సరిపోదనుకున్నాను. ఆమె మాత్రం గుండుసూదులు గుచ్చుకుంటూ, కుట్లు విప్పుకుంటూ, “చెయ్యెత్తు, ఇప్పుడు వంగు, ఇప్పుడు గెంతు” అన్నది. నా సుఖం కోసం నన్ను గెంతమన్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. గదిలో పావుగంట సేపు గెంతాను. సాయంత్రం బండి వేళకు లాంగుక్లాతు గుడ్డతో రెండు కుట్టి ఇచ్చింది. వెడల్పాటి పట్టీ, వెనక నాలుగు హుక్కులు, భుజాల మీద రెండంగుళాల పట్టీలు. పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసి, “ఇంతే సందుండాల. ఒకటి ఉతుక్కుంటే ఒకటి తొడుక్కో” అన్నది.

తొడుక్కునే రైలెక్కాను. బరువు భుజాల మీద నుంచి దిగిపోయింది. అది ఎట్లా చెప్పాలో తెలియదు. ఎప్పుడూ మోగుతూ ఉండే ఒక శబ్దం ఆగిపోతే, అది ఇన్నాళ్ళూ మోగుతూ ఉందని అప్పుడు తెలుస్తుంది. అట్లా. రైలు పెట్టెలో నిలబడి, పైన కడ్డీ పట్టుకుని, కంభం చెరువు పక్క కొండలు వచ్చి పోయేదాకా కూర్చోకుండానే ఉన్నాను. కూర్చోవాలనిపించలేదు.

సోమవారం డ్రిల్లు చేయించాను. చేతులు తలపైకి లేచాయి, పక్కలకు చాపాను, గెంతాను, తిరిగాను. ఎద నాతోపాటే కదిలింది, నాతోపాటే ఆగింది. పిల్లలు పోటీపడి గెంతారు. బుధవారానికి వరుస తప్పకుండా వచ్చింది. గురువారం హెడ్మాస్టరు మళ్ళీ పిలిచారు. ఈసారి కిటికీ వైపు కూడా చూడలేదు, హాజరు పట్టీలోకి చూశారు.

“డ్రిల్లు అంకయ్య మాస్టరు చేయిస్తాడులే అమ్మా. మీకు బాగలేదు కదా.”

“నాకు బాగైంది సార్. జ్వరం తగ్గింది.”

“అది కాదు. బీడీవోగారు, పంచాయతీ పెద్దలు అందరూ వస్తారు. మీరు… అప్పుడే నయం. ఇప్పుడు చూసేవాళ్ళకు ఇంకా ఇబ్బందిగా ఉంది.”

జారి ఉన్నప్పుడు ఇబ్బంది. నిలబడితే ఇంకా ఇబ్బంది. వాళ్ళకు ఇబ్బంది లేకుండా ఉండాలంటే నేను ఎద కోసి ఇంట్లో పెట్టి బడికి రావాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆయన ఒక తెల్లకాగితం నా ముందు పెట్టారు. అనారోగ్య కారణంగా డ్రిల్లు చేయించలేను, వేరొకరికి అప్పగించ ప్రార్థన అని ఆయనే రాసి ఉంచారు. సంతకం ఒక్కటే నాది. “పైకి పంపాల. రేపు సంతకం పెట్టి ఇయ్యండి” అన్నారు.

ఇంటికొచ్చేసరికి ఆ కాగితం సంగతి ఏబేలుకు ముందే తెలుసు. టీ అంగడి దగ్గర హెడ్మాస్టరు చెప్పారట, మీ ఆమె ఈ మధ్య కొత్తగా కనపడతాంది అని. ఏబేలు నా పెట్టె తీసి, ఉతికి మడిచి పెట్టుకున్న రెండో బాడీ మంచం మీద పరిచి పెట్టాడు, దొంగసొత్తు పట్టుకున్నట్టు.

“ఎవరు కుట్టినారు?”

“గిద్దలూరులో ఒకామె.”

“మీటింగులని పోయింది దీనికా? ఎవరు కొలిచినారు?”

“ఆమెనే. టేపుతో.”

“ఎవరికి చూపిద్దామని?”

“చూపించేదానికి కాదు, నా వీపు కోసం” అన్నాను.

“నోరు లేచింది నీకు. రేపు పోయి సంతకం పెట్టు. పెట్టకుండా వచ్చినావా, నాతో మాట్లాడబాకు” అన్నాడు.

అత్త పొయ్యి దగ్గర నుంచి కలగజేసుకుంది. “మేము రవికలు లేకుండా కోతలకు పోయినాం. నాట్లేసినాం. బిడ్డల్ని కన్నాం. మాకు లేని నొప్పి నీకేంది?”

“నీకు నొప్పి లేదా అత్తా?” అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. ఆమె నడుము అరవై ఏళ్ళకే రెండుగా వంగి ఉంది. ఆమె చెయ్యి నడుము మీదికి పోయింది. తర్వాత అదే చేత్తో పుల్లలు పొయ్యిలోకి తోసింది.

తెల్లారి నేను బావి నుంచి వచ్చేసరికి నీళ్ళు కాగే పొయ్యి దగ్గర గుడ్డ కాలిన వాసన. బూడిదలో నాలుగు హుక్కులు ఎర్రగా కనిపించాయి. అత్త నా వైపు చూడకుండా, “ఇంటికి మంచిది” అన్నది. ఏబేలు గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో నుంచి నన్ను చూశాడు, నేను ఏడుస్తానేమోనని.

నేను ఏడవలేదు. ఇంకొకటి నా ఒంటి మీదే ఉంది. స్నానానికి విప్పి, మళ్ళీ అదే తొడుక్కుని, ఒక్కో హుక్కూ పెట్టుకున్నాను. రొట్టెలు చేశాను. పిల్లలకు తలలు దువ్వాను. ఆయన చొక్కా మాత్రం ఉతకలేదు. ఎందుకు ఉతకలేదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బడికి పోయి, హెడ్మాస్టరు రాసిన కాగితాన్ని అట్లాగే మడిచి బల్ల మీద పెట్టి, దాని పక్కన నేను రాసిన కాగితం పెట్టాను. దారిలో రైల్వే గేటు దగ్గర బండరాయి మీద కూర్చుని రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు.

“అయ్యా, నాకు అనారోగ్యమేమీ లేదు. ఇంతకాలం నా కొలతకు సరిపోయే బాడీ లేనందువల్ల డ్రిల్లులో ఇబ్బంది పడ్డాను, పుండ్లతో జ్వరపడ్డాను. ఇప్పుడు సరిపోయే బాడీ కుట్టించుకున్నాను. కనుక రాష్ట్రావతరణ దినం నాడు లేజిం డ్రిల్లు నేనే చేయించగలను. దీన్ని పైఅధికారులకు పంప ప్రార్థన. ఇట్లు, ఏసమ్మ, టీచరు.”

సగంలో ఆయన కళ్ళజోడు తీసేశారు. మళ్ళీ పెట్టుకున్నారు. అంకయ్య మాస్టరు సుద్దముక్కల కోసం లోపలికి వస్తే కాగితాన్ని చప్పున హాజరు పట్టీ కింద దాచారు.

“ఏందమ్మా ఇది. దీన్ని నేను పైకెట్ల పంపేది?”

“మీరు రాసినదాన్ని పంపేవాళ్ళు కదా సార్. అట్లనే.”

“ఈ మాటలు కాగితం మీద రాస్తారా ఎవరన్నా?”

“నాకు బాగలేదని మీరు రాసినారు. అది అబద్ధం. ఇది నిజం. రిజిస్టరులో ఎక్కించి నంబరియ్యండి సార్.”

నాకు ధైర్యం ఉందనుకోవద్దు. నడుము మాత్రం నిటారుగా ఉంది. ఆయన రిజిస్టరు తెరిచారు. తేదీ వేశారు. నా పేరు రాశారు. ‘విషయం’ అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నా ఒంటి గురించి నాతో రెండుసార్లు మాట్లాడినప్పుడు పట్టని చెమట.

“ఏమని రాయాల?” అన్నారు చిన్నగా.

“బాడీ అని రాయండి సార్. రెండక్షరాలే.”

ఆయన రాయలేదు. కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుగు ముక్కలుగా చించి బుట్టలో వేశారు. రిజిస్టరు మూసి, “పోయి పిల్లల్ని చూసుకోండి. డ్రిల్లు మీరే చేయించుకోండి” అన్నారు.

నవంబరు ఒకటిన యాభై మంది ఆడపిల్లలతో లేజిం నేనే చేయించాను. పైట నడుముకు దోపి చేయించాను. కుర్చీల్లో కూర్చున్న పెద్దల్లో చూసేవాళ్ళు చూశారు, తల తిప్పుకునేవాళ్ళు తిప్పుకున్నారు. నేను పిల్లల అడుగులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఏబేలు ఆఫీసు వాళ్ళతో వెనక వరుసలో నిలబడి, అయిపోకముందే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. అత్త కూడా మాట్లాడలేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోతే ఎంత పని తెములుతుందో నాకు అప్పుడే తెలిసింది.

ఒక్క బాడీతో రోజూ గడవదు కదా. డ్రిల్లు అయిన తర్వాతి ఆదివారం చెంచులక్ష్మికి ఉత్తరం రాశాను, ఇంకా రెండు కుట్టి ఉంచమని. ఇట్లాంటి సంగతి కవరులో పెట్టి అంటించి పంపాలని ఎవరైనా చెప్తారు. నేను పోస్టుకార్డు తీసుకున్నాను. పోస్టుమాస్టరు నుంచి గిద్దలూరు తపాలా మనిషి దాకా ఎవరు చదివినా కళ్ళు చిట్లించుకునే పని లేకుండా, నా కొలతలు పెద్ద అక్షరాలతో రాశాను.